కదిలే బండ్ల మధ్య డేటా: ఏ రూటింగ్ ఎక్కడ నిలబడుతుంది?

ఎదురెదురుగా వస్తున్న రెండు బండ్లను తీసుకుందాం. ఒక్కోటి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. రేడియో 300 మీటర్ల దాకా అందుతుంది అనుకుందాం. దగ్గరవుతూ 300, దాటిపోయాక మరో 300, మొత్తం 600 మీటర్ల మేర వాటి మధ్య మాట నడుస్తుంది. రెండు వేగాలూ కలిపితే సెకనుకు 50 మీటర్లు. చేతికి దొరికేది 12 సెకన్లు. అవే బండ్లు ఒకే దిక్కుగా, గంటకు 10 కిలోమీటర్ల తేడాతో పోతుంటే, పక్కపక్కన ఉన్నప్పటి నుంచి విడిపోయే దాకా దాదాపు 108 సెకన్లు దొరుకుతాయి. రేడియో అదే, బండ్లూ అవే, లింకు ఆయుష్షు మాత్రం తొమ్మిది రెట్లు.

వాహనాల మధ్య నెట్‌వర్క్‌కు ఏ రూటింగ్, అంటే డేటాను గమ్యానికి చేర్చే ఏ పద్ధతి, వాడాలని ఎవరడిగినా నేను ముందు ఈ లెక్కే వేసి చూపిస్తాను. ఈ రంగంలో ప్రొటోకాల్ (మాట్లాడుకునే నియమాల) పేర్లకు కొదవ లేదు. ప్రతి పరిశోధన పత్రమూ పాతదాన్ని ఓడించి, కొత్త పేరొకటి తగిలించి వెళ్తుంది. ఆ పేర్లు ఒలిచి చూస్తే లోపలున్నవి నాలుగైదు ఆలోచనలే. వాటిలో మీకేది సరిపోతుందో తెలియాలంటే ఆ 12 సెకన్లలో మీరు ఏం చేయించాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి.

ముందు రెండు ప్రశ్నలు

మొదటిది, డేటా ఎవరికి? ఫలానా ఒక్క బండికా, ఒక చోట ఉన్న బండ్లన్నిటికీనా, లేక ఎక్కడో ఉన్న సర్వరుకా? రెండోది, ఎంతసేపు ఆగగలదు?

మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. బండి నుంచి బండికి అనగానే ఇక్కడొక బండి, అక్కడొక బండి, మధ్యలో దారి వెతకడం అన్న బొమ్మ మనసులో పడిపోతుంది. రోడ్డు మీద నిజంగా అలాంటి అవసరం తక్కువ. మలుపు అవతల బండి ఆగిపోయిందన్న కబురు ఆ మలుపు వైపు వస్తున్న వాళ్లందరికీ కావాలి. వాళ్లెవరో పంపేవాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అక్కడ చిరునామా అంటే ఒక చోటు. ఈ మాట ఒప్పుకున్నాక, అలాంటి కబుర్లకు ఒక్క గమ్యానికి దారి వెతికే ప్రొటోకాళ్లన్నీ మీ జాబితాలోంచి తప్పుకుంటాయి.

రెండో ప్రశ్నకు జవాబు మిల్లీసెకన్లలో వస్తుందో నిమిషాల్లో వస్తుందో చూడండి. గట్టిగా బ్రేకు పడిందన్న హెచ్చరిక సెకనులో పదో వంతు దాటితే పాచిపోయినట్టే. మ్యాప్ అప్‌డేట్ అరగంట ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. ఈ రెంటినీ ఒకే ప్రొటోకాల్‌తో లాగించాలని చూసిన డిజైన్లు రెండు పనులూ సగం సగం చేస్తాయి.

అసలు రూటింగ్ అవసరమా?

చాలా సందర్భాల్లో అక్కర్లేదు. ఈ మాట రూటింగ్ మీద పనిచేసేవాళ్లకు రుచించదు గానీ నిజం.

2010లో వచ్చిన 802.11పీ అనే వాహనాల వైఫై ప్రమాణం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 10 మెగాహెర్ట్జ్ చానెళ్ల మీద పనిచేస్తుంది. మామూలు వైఫైలో లాగా ముందు యాక్సెస్ పాయింటుతో జతకట్టే తతంగం ఇందులో లేదు. ఎదురుపడ్డ వెంటనే మాట్లాడుకోవచ్చు. దీని మీద యూరప్ పద్ధతిలో ప్రతి బండీ తన స్థానం, వేగం, దిశ సెకనుకు 1 నుంచి 10 సార్లు చాటుతుంది. బండి 4 మీటర్లు కదిలినా, 4 డిగ్రీలు తిరిగినా, వేగం సెకనుకు అర మీటరు మారినా కొత్త సందేశం పుడుతుంది. ఈ సందేశాలు ఒక్క హాప్‌తో ఆగిపోతాయి. హాప్ అంటే ఒక బండి నుంచి రేడియో అందే మరో బండికి పడే ఒక్క అంగ. దాన్ని విన్న బండి మళ్లీ ఎవరికీ పంపదు. ఢీకొనకుండా చూడటమే మీ పనైతే ఇక్కడితో ఆగండి. దాని పైన రూటింగ్ పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రేడియోలో రెండో దారి సెల్యులార్ కుటుంబానిది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ విడుదల 14తో, అంటే 2017లో, టవరు లేకుండానే బండ్లు నేరుగా మాట్లాడుకునే పద్ధతి వచ్చింది. విడుదల 16తో, 2020లో, 5జీ రూపం వచ్చింది. ఒక్క బండికి గానీ చిన్న గుంపుకు గానీ పంపి, అందిందో లేదో జవాబు తెప్పించుకునే ఏర్పాటు ఇందులో కొత్త. 802.11పీకీ దీనికీ మాట కలవదు. ఈ ఎంపిక చాలాసార్లు ఇంజనీరు చేతిలో ఉండదు, స్పెక్ట్రమ్ నియమాలే తేలుస్తాయి. అమెరికాలో రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో ఈ పనికి 75 మెగాహెర్ట్జ్ కేటాయించి, 2020లో దాన్ని 30కి కుదించి సెల్యులార్ వైపు మొగ్గింది. కాబట్టి రూటింగును ఒకే రేడియోకు కట్టిపడేయకండి.

డేటా చేరాల్సింది సర్వరుకే అయి, టవర్ల కవరేజీ ఉంటే, నేరుగా టవరుకే పంపేయండి. మధ్యలో ఆరు బండ్ల మీదుగా దాన్ని ఎక్కించి దించడంలో సొగసు ఉండొచ్చు, నమ్మకం మాత్రం ఉండదు. బండ్ల మధ్య బహుళ హాప్ రూటింగ్‌కు చోటు ఉన్నది మూడు సందర్భాల్లో: కవరేజీ లేనప్పుడు, ఉన్నా నమ్మలేనప్పుడు, లేక కబురు ఆ చుట్టుపక్కల వాళ్లకే పరిమితమైనప్పుడు.

దారి మొత్తం ముందే కట్టుకునే పద్ధతులు

ఏఓడీవీ, డీఎస్ఆర్, ఓఎల్ఎస్ఆర్, డీఎస్‌డీవీ. ఇవి ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నడిచే మనుషుల వేగానికి పుట్టిన ప్రొటోకాళ్లు. పంపేవాడి నుంచి గమ్యం దాకా ఒక గొలుసు కట్టి, అది తెగేదాకా వాడుకోవడం వీటి పద్ధతి.

ఏఓడీవీని 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3561 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురించారు. డేటా పంపాల్సి వచ్చినప్పుడు నెట్‌వర్క్ అంతటా ఒక వెతుకులాట సందేశాన్ని పారిస్తుంది. గమ్యం నుంచి జవాబు వెనక్కి వస్తుంది, దారి ఖరారవుతుంది. ఆ పత్రంలో రాసిన విలువల ప్రకారం పొరుగు బండి సెకనుకొకసారి హలో చెప్పాలి. రెండు హలోలు తప్పితే లింకు పోయినట్టు. అంటే తెగిన లింకును గుర్తించడానికే 2 సెకన్లు. మన ఎదురెదురు బండ్లు ఆ లోపు 100 మీటర్లు జరిగిపోయి ఉంటాయి. అదే ఏడాది వచ్చిన ఓఎల్ఎస్ఆర్ ఇంకా నిదానం. హలో 2 సెకన్లకొకసారి, పొరుగువాడి సమాచారం 6 సెకన్ల దాకా చెల్లుబాటు. 12 సెకన్ల లింకులో సగం సమయం, ఉన్నవాడు ఉన్నాడో లేడో తేలకుండానే గడిచిపోతుంది. ఈ విరామాలు తగ్గించవచ్చు గానీ తగ్గించిన కొద్దీ హలోలతోనే చానెల్ నిండుతుంది.

గొలుసు పొడవు ఇంకో దెబ్బ. ఒక్కో లింకు సగటున 20 సెకన్లు బతుకుతుందని, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎప్పుడైనా తెగవచ్చని అనుకోండి. అయిదు లింకుల దారి సగటు ఆయుష్షు 4 సెకన్లే. దారి వెతకడం, జవాబు రావడం, డేటా మొదలవడం, తెగడం, మళ్లీ వెతకడం. వెతికే సందేశాలే చానెల్‌ను తినేస్తాయి. డీఎస్ఆర్ అయితే మొత్తం దారిని ప్యాకెట్ (డేటా ముక్క) తలలోనే రాసి పంపుతుంది, తెలిసిన దారుల్ని దాచుకుంటుంది. దాచుకున్న ఆ పాత దారులే వేగంగా కదిలే చోట దాని కొంప ముంచుతాయి.

అలాగని పక్కన పారేయాల్సినవేం కావు. ఒకే దిక్కుగా, దాదాపు ఒకే వేగంతో పోయే కాన్వాయ్‌లో, గనుల్లో నిదానంగా తిరిగే ట్రక్కుల మధ్య, ఆగి ఉన్న బండ్ల మధ్య, రెండు మూడు హాప్‌ల దూరంలో ఇవి చక్కగా పనిచేస్తాయి. స్థానం తెలియాల్సిన అవసరం లేదు కాబట్టి జీపీఎస్ అందని చోట ఇవే దిక్కు. ఎన్ఎస్-3 సిమ్యులేటర్‌లో ఈ నాలుగూ సిద్ధంగా దొరుకుతాయి. కొత్త పేపర్లన్నీ ఏఓడీవీని ఓడించడానికి అదీ ఒక కారణమే. చేతికందిన ప్రత్యర్థి అదే మరి. నడక వేగానికి పుట్టినదాన్ని హైవే మీద ఓడించడం పెద్ద ఘనకార్యం కాదు.

వీటినే వాడాల్సి వస్తే ఒక చిన్న సవరణ చేయండి. దారి కట్టేటప్పుడు ఎదురు దిశలో వస్తున్న బండ్లను గొలుసులోకి తీసుకోకండి. హాప్‌లు ఒకటి రెండు పెరిగినా ఫర్వాలేదు. వేగాన్నీ దిశనూ బట్టి లింకు ఇంకెంతసేపు ఉంటుందో అంచనా వేసి, అతి తక్కువ ఆయుష్షున్న లింకు ఏ దారిలో అందరికన్నా ఎక్కువ బతుకుతుందో ఆ దారి ఎంచుకోండి. అతి తక్కువ హాప్‌ల దారి అన్న పాత కొలమానం ఇక్కడ మోసం చేస్తుంది.

స్థానాన్ని బట్టి పంపే పద్ధతులు

2000లో బ్రాడ్ కార్ప్, హెచ్.టి. కుంగ్ ప్రతిపాదించిన జీపీఎస్ఆర్ ఈ కుటుంబానికి పెద్దది. దారి కట్టడం అన్న మాటే ఉండదు. ప్రతి బండికీ తన పొరుగు బండ్ల స్థానాలు తెలుసు, గమ్యం స్థానం ప్యాకెట్‌లో ఉంటుంది. పొరుగువాళ్లలో గమ్యానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడికి అందించేయడమే, తర్వాతి సంగతి వాడు చూసుకుంటాడు. దీన్ని గ్రీడీ (ఆశపోతు) పద్ధతి అంటారు. గొలుసే లేనప్పుడు గొలుసు తెగే బాధ లేదు. వాహనాలకు ఇదే సహజమైన దారని నా అభిప్రాయం. అయితే పుస్తకంలో ఉన్నట్టే రోడ్డెక్కిస్తే మూడు చోట్ల బోర్లా పడుతుంది.

మొదటి గొయ్యి ఆశలోనే ఉంది. గమ్యానికి అందరికన్నా దగ్గరగా ఉన్న పొరుగువాడంటే దాదాపు ఎప్పుడూ రేడియో పరిధి అంచున ఉన్నవాడే. అంచున సిగ్నల్ బలహీనం, పైగా పరిధి దాటిపోవడానికి ముందు వరుసలో ఉన్నదీ వాడే. ఏరికోరి అందరిలోకీ చెడ్డ లింకును పట్టుకున్నట్టు. ఉదాహరణకు 280 మీటర్ల దూరంలోని బండికి ప్యాకెట్ అందే అవకాశం 40 శాతం, 180 మీటర్ల దూరంలోని దానికి 95 శాతం అనుకోండి. దూరాన్ని అవకాశంతో గుణించండి. మొదటిది 112 మీటర్లు, రెండోది 171. దగ్గరివాడే ప్యాకెట్‌ను ఎక్కువ ముందుకు తీసుకెళ్తాడు. ముందడుగు దూరాన్ని అందే అవకాశంతో గుణించి పోల్చే ఈ ఒక్క సవరణ లేని స్థాన ఆధారిత ప్రొటోకాల్‌ను నేను పరిశీలనకు కూడా తీసుకోను.

రెండో గొయ్యి పాత సమాచారం. జీపీఎస్ఆర్‌లో పొరుగువాడి మాట వినబడకపోయినా బీకన్ (నేనిక్కడ ఉన్నానని చాటే సందేశం) విరామానికి నాలుగున్నర రెట్ల కాలం వాడిని పట్టికలో ఉంచుతారు. బీకన్ సెకనుకొకటైతే నాలుగున్నర సెకన్లు. ఎదురుగా వచ్చి దాటిపోయిన బండి ఆ లోపు 225 మీటర్లు పోయి ఉంటుంది. పట్టికలో మాత్రం ఇంకా పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, ప్యాకెట్లు ఆ దయ్యానికి పోతూనే ఉంటాయి. బీకన్‌లో వేగమూ దిశా కూడా పంపి, ఇప్పుడు ఎక్కడ ఉండాలో లెక్కగట్టి, పరిధి దాటి ఉంటాడనిపిస్తే పట్టికలోంచి తీసేయాలి. సెకనుకు 10 సార్లు వచ్చే భద్రతా సందేశాలు ఎలాగూ ఉంటే వేరే బీకన్లు ఎందుకు, వాటినే వాడుకోండి.

మూడోది నగరంలో కనిపిస్తుంది. గమ్యానికి నాకన్నా దగ్గరగా పొరుగువాడెవడూ లేడు, కానీ నేను గమ్యం కాదు. అప్పుడేం చేయాలి? జీపీఎస్ఆర్ ఖాళీ చుట్టూ అంచు వెంబడి ప్యాకెట్‌ను తిప్పుతుంది. దీనికి నెట్‌వర్క్ బొమ్మలో గీతలు ఒకదానినొకటి దాటకూడదు. పరిధిలో ఉన్న ఇద్దరూ తప్పక మాట్లాడుకోగలరన్న నమ్మకంతోనే ఆ గీతల్ని సవరిస్తారు. నగరంలో ఆ నమ్మకాన్ని భవనాలు చెరిపేస్తాయి. 5.9 గిగాహెర్ట్జ్ తరంగం మూల తిరగడంలో మహా బద్ధకం. 100 మీటర్ల దూరంలోని పక్క వీధి బండి వినబడదు, 300 మీటర్ల అవతల అదే వీధిలోని బండి వినబడుతుంది. ఫలితంగా ప్యాకెట్లు చిన్న చిన్న హాప్‌లతో గుండ్రంగా తిరుగుతూ ప్రాణం విడుస్తాయి.

దీనికి విరుగుడుగా వీధుల్ని గుర్తించే పద్ధతులు వచ్చాయి. 2003 నాటి జీఎస్ఆర్ వీధి మ్యాప్ మీద అతి దగ్గరి దారి లెక్కగట్టి, కూడలి తర్వాత కూడలిగా పంపింది. 2005 నాటి జీపీసీఆర్ మ్యాప్ లేకుండానే, వీధి వెంబడి పంపుతూ కూడలిలో ఉన్న బండి దగ్గర మాత్రమే దిశ నిర్ణయించమంది. అన్ని వీధులకూ చూపు అందేది కూడలిలో ఉన్నవాడికే కాబట్టి ఇది తెలివైన ఆలోచన. జీఎస్ఆర్ లోపం ఏమిటంటే మ్యాప్‌కు రోడ్డు తెలుసు గానీ ఆ రోడ్డు మీద బండ్లున్నాయో లేదో తెలియదు. ఖాళీ వీధి ఎంత దగ్గరి దారైనా రేడియోకు అది గోడే. అందుకే 2004లో ఏ-స్టార్ బస్సులు తిరిగే వీధులకు పెద్దపీట వేసింది, తర్వాతి జైటార్ ఒక్కో కూడలి దగ్గర ముందున్న వీధిలో బండ్లు ఎంత దట్టంగా ఉన్నాయో చూసి మలుపు ఎంచుకుంది. నగరానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను ఈ చివరి ఆలోచన వైపే ఉంటాను. దారిని ముందే మొత్తం ఖరారు చేయకుండా కూడలికొక నిర్ణయం తీసుకోవడం బండ్ల ప్రపంచానికి తగిన లక్షణం.

ఇక ఎవరూ పైకి చెప్పని ఖర్చు ఒకటుంది. ప్యాకెట్‌లో గమ్యం స్థానం ఉంటుందన్నాం. అది పంపేవాడికి ఎవరు చెప్పారు? గమ్యం ఒక చోటైతే సమస్య లేదు. కదిలే బండి అయితే అదెక్కడుందో కనిపెట్టే సేవ ఒకటి విడిగా నడవాలి. ఆ సేవ వెతుకులాట సందేశాలు పారిస్తే, ఏఓడీవీని తిట్టిన కారణమే వెనక గుమ్మంలోంచి లోపలికొస్తుంది. కొన్ని పేపర్లు గమ్యం స్థానం తెలుసుననుకుని ఆ ఖర్చు వదిలేసి అంకెలు చూపిస్తాయి. పోల్చేటప్పుడు ముందు ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి.

ఎంపికను వినేవాళ్లకే వదిలేయడం

పై గోతుల్లో రెండోదాన్ని పూర్తిగా తప్పించే ఉపాయం ఒకటుంది. పంపేవాడు ఎవరికివ్వాలో ఎంచుకోడు, అందరికీ వినబడేలా చెబుతాడు. విన్న ప్రతి బండీ ఒక టైమరు పెట్టుకుంటుంది. ఎంత ముందుకు ఉంటే అంత తక్కువ టైమరు. ముందుగా ఎవడి టైమరు మోగితే వాడు మళ్లీ పంపుతాడు, అది విన్న మిగతావాళ్లు తమ టైమర్లు రద్దు చేసుకుంటారు. పొరుగు పట్టికతో పనే లేదు. నిజంగా ప్యాకెట్ అందినవాడే పోటీలో ఉంటాడు కాబట్టి దయ్యాల బెడద ఉండదు, అంచు లింకు జూదమూ చాలావరకు తీరిపోతుంది. ఈ పోటీ పద్ధతి యూరప్ జియోనెట్‌వర్కింగ్ ప్రమాణంలో కూడా ఉంది. ఫలానా ప్రాంతంలోని అందరికీ అన్న సందేశాలకు నా మొదటి ఎంపిక ఇదే.

ఇందులో జాగ్రత్త పడాల్సింది టైమరు కొలబద్ద దగ్గర. టైమరు 1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య, గరిష్ఠ పరిధి 1000 మీటర్లని పెట్టారనుకోండి. నిజంగా రేడియో అందేది 300 మీటర్లే అయితే ఆ అంచున ఉన్న బండి టైమరే దాదాపు 70 మిల్లీసెకన్లు. అంతకన్నా త్వరగా ఎవరూ మోగరు. అయిదు హాప్‌లకు 350 మిల్లీసెకన్లు ఊరకే పోయాయి. పైగా పోటీదారులంతా 70కీ 100కీ మధ్య ఇరుక్కున్నారు. ట్రాఫిక్ జామ్‌లో పక్కపక్కన నిలబడ్డ పది బండ్ల టైమర్లు దాదాపు ఒకేసారి మోగి, ఒకడి మాట ఇంకొకడు వినేలోపే అందరూ అరుస్తారు. పరిధి విలువను ఉన్న పరిస్థితికి తగ్గించుకోండి, టైమరుకు కాస్త యాదృచ్ఛికత కలపండి. బండ్లు మరీ పలచగా ఉంటే వినేవాడే లేక సందేశం చచ్చిపోతుంది. పంపినవాడికి ఎవరూ తిరిగి పంపిన చప్పుడు వినబడకపోతే, కొంతసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఆ చప్పుడే ఇక్కడ రసీదు.

అందరూ విన్నదాన్ని అందరూ తిరిగి పంపడం అన్న గుడ్డి ఫ్లడింగ్ జోలికి మాత్రం పోవద్దు. అది తెచ్చే ప్రసార తుఫాను గురించి 1999లోనే హెచ్చరించారు. 802.11లో అందరికీ పంపే ఫ్రేముకు, అంటే రేడియో మీద పోయే సందేశానికి, రసీదు లేదు, ముందుగా చానెల్ అడిగి పట్టుకునే పద్ధతీ లేదు. ఒకరి మాట ఒకరికి వినబడని ఇద్దరు ఒకేసారి పంపితే, మధ్యలోవాడి దగ్గర ప్యాకెట్లు ఢీకొని పోయాయని ఎవరికీ తెలియదు.

నమ్మకం లెక్కలు

ఒక్కో హాప్‌లో 90 శాతం అందుతాయనుకుందాం, చెడ్డ అంకేమీ కాదు. అయిదు హాప్‌లకు 59 శాతం, పదింటికి 35 శాతం. ఇక్కడ రెండు దారులున్నాయి. చివరివాడికి అందలేదని తెలిశాక మొదటివాడు మళ్లీ పంపడం ఒకటి. పది హాప్‌ల దగ్గర ప్రతి ప్రయత్నానికీ అదే 35 శాతం ఎదురవుతుంది. ఒక్కో హాప్‌లోనే ఇంకోసారి ప్రయత్నించడం రెండోది. అప్పుడు హాప్‌కు 99 శాతం, పది హాప్‌లకు 90 శాతం పైమాటే. ఈ తేడా ఏ కొత్త ప్రొటోకాల్ ఇచ్చే లాభం కన్నా పెద్దది. హాప్ దగ్గర సరిదిద్దుకోలేని డిజైన్‌ను ఎంత గొప్ప రూటింగూ కాపాడలేదు. ఇంటర్నెట్‌లో డేటాను నమ్మకంగా చేర్చే మామూలు టీసీపీని ఇలాంటి గొలుసు మీద నడిపితే రేడియోలో పోయిన ప్యాకెట్‌ను రద్దీ అనుకుని వేగం తగ్గించుకుంటుంది. అది ఇంకో తలనొప్పి.

మళ్లీ ప్రయత్నించడానికీ ఒక హద్దుండాలి. వైఫై కార్డు ఒక ఫ్రేమును మామూలుగా ఏడుసార్ల దాకా ప్రయత్నిస్తుంది. బండి వెళ్లిపోయాక ఏడుసార్లు పిలవడం దండగ. రెండు మూడుసార్లు తప్పగానే ఆ ప్యాకెట్‌ను వెనక్కి తీసుకుని ఇంకో పొరుగువాడికి ఇవ్వాలి, తప్పినవాడిని పట్టికలోంచి తీసేయాలి. కింది పొరకు తెలిసిన వైఫల్యాన్ని పై పొరకు చెప్పించడం తక్కువ ఖర్చుతో దొరికే మంచి మందు. ఎందుకో గానీ చాలా అమలుల్లో ఆ తీగ కలిపే ఉండదు.

రెండు వేర్వేరు దారుల్లో ఒకే ప్యాకెట్ పంపితే భద్రం అన్న సలహా కూడా వింటాం. ఒకే రోడ్డు మీద రెండు దారులంటే పక్క పక్క వరుసల బండ్లు. చానెల్ ఒక్కటే, మధ్యలో అడ్డుగా ఉన్న లారీ ఒక్కటే. ఒకటి పోయినప్పుడు రెండోదీ పోయే అవకాశం ఎక్కువ. వేర్వేరు వీధుల్లోనో, ఒకటి సెల్యులార్ మీదనో అయితేనే దాన్ని రెండో దారిగా లెక్కేయండి.

మోసుకెళ్లి అందించడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆ క్షణంలో బండ్లు వరుసగా ఉన్నాయనుకుంటాయి. అర్ధరాత్రి రోడ్డు మీద ఉండవు. అప్పుడు ప్యాకెట్‌ను పారేయకుండా బండిలోనే దాచుకుని, ఎవరైనా తారసపడ్డప్పుడు ఇవ్వడమే మార్గం. 2000లో వచ్చిన ఎపిడెమిక్ రూటింగ్ కలిసిన ప్రతివాడికీ ఒక నకలు ఇచ్చేస్తుంది. అందుతుంది, కానీ నకళ్లతో అందరి నిల్వా నిండుతుంది. 2005 నాటి స్ప్రే అండ్ వెయిట్ ముందే ఇన్ని నకళ్లని లెక్క పెట్టుకుని, అవి పంచేసి ఊరుకుంటుంది. ఎవరు ఎవరిని తరచూ కలుస్తారో గుర్తుపెట్టుకుని ఇచ్చే ప్రాఫెట్‌కు 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6693 ఉంది. ఒకే మార్గంలో రోజూ తిరిగే బస్సుల్లాంటి వాటికి ఇది బాగా నప్పుతుంది. ఎటు పోతారో తెలియని కార్లకు పరిమిత నకళ్ల పద్ధతే మేలు. 2006 నాటి వీఏడీడీ కూడలి దగ్గర ఏ వీధిలో ఆలస్యం తక్కువో అంచనా వేసి పంపుతుంది. దాని మూల సూత్రం గుర్తుంచుకోదగ్గది. వీలైనంత వరకు రేడియో మీద పంపు, తప్పనప్పుడే మోయి. గంటకు 60 కిలోమీటర్ల బండి 300 మీటర్లు మోయడానికి 18 సెకన్లు పడుతుంది, రేడియోకు కొన్ని మిల్లీసెకన్లు చాలు.

గొలుసు కట్టేటప్పుడు ఎదురు దిశ బండ్లను వద్దన్నాను కదా, ఇక్కడ వాళ్లే బంగారం. మీ వెనక రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంపుకు కబురు చేరాలంటే, అటువైపు పోతున్నది వాళ్లే. ఎంత ఇవ్వగలరో మాత్రం చూసుకోండి. సెకనుకు 6 మెగాబిట్లతో 12 సెకన్లంటే కాగితం మీద 72 మెగాబిట్లు, అంటే 9 మెగాబైట్లు. చానెల్ పంచుకోవడం, మొదలూ చివరా బలహీన లింకు పోగా సగం దక్కితే అదృష్టం. 50 మెగాబైట్ల ఫైలును ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎవరి దగ్గరుందో తెలిసేలా పంచకపోతే అది ఎప్పటికీ పూర్తికాదు.

బండ్లను గుంపులుగా చేసి, గుంపుకొక నాయకుడిని పెట్టి, నాయకుల మధ్యే రూటింగ్ నడిపే పద్ధతులు కూడా ఉన్నాయి. బారుగా పోయే ట్రక్కుల ప్లాటూన్‌లో నాయకుడు ఎలాగూ ఉంటాడు కాబట్టి అక్కడ సరే. మామూలు నగర ట్రాఫిక్‌లో నాయకుడిని ఎన్నుకోవడానికే కాలం చాలదు.

నేనైతే ఏం ఎంచుకుంటాను

కొన్ని వందల మీటర్ల లోపు ప్రమాద హెచ్చరిక అయితే ఒక్క హాప్, రూటింగ్ లేదు. కిలోమీటర్ల వెనక దాకా చేరాల్సిన హెచ్చరిక అయితే చోటునే చిరునామాగా పెట్టి, వినేవాళ్లు పోటీపడే టైమరు పద్ధతి, బండ్లు పలచనైతే కొంతసేపు దాచుకుని మళ్లీ చెప్పే ఏర్పాటుతో. నగరంలో ఒక బండికో, రోడ్డు పక్కన పెట్టిన రేడియో యూనిట్‌కో పంపాలంటే కూడలి కూడలికీ నిర్ణయించే స్థాన ఆధారిత పద్ధతి, లింకు నాణ్యత లెక్కతో కలిపి. తోవ దొరకనప్పుడు చుట్టూ తిప్పే బదులు ప్యాకెట్‌ను మోయించండి. కాన్వాయ్‌లో ఏఓడీవీ చాలు. ఆగగల పెద్ద డేటాకు లెక్క పెట్టిన నకళ్లు. సర్వరుకైతే టవరు, అది లేని చోట రోడ్డు పక్క యూనిట్ దాకా మోయించడం.

ఈ ఎంపికను సరిచూసుకోవడానికి సిమ్యులేషన్ చేస్తే బండ్ల కదలికను ట్రాఫిక్ సిమ్యులేటర్ సూమోతో, నెట్‌వర్క్‌ను వీన్స్‌తోనో ఎన్ఎస్-3తోనో నడపండి. ఖాళీ మైదానంలో ఇష్టం వచ్చిన దిక్కుకు తిరిగే బిందువులతో వచ్చిన ఫలితాలు రోడ్డుకు పనికిరావు. భవనాలు అడ్డుపడే రేడియో నమూనా పెట్టండి. రద్దీ వేళా, అర్ధరాత్రీ రెండూ నడపండి, ఎందుకంటే ప్రొటోకాళ్ల స్థానాలు ఆ రెంటి మధ్య తరచూ తారుమారవుతాయి. సగటు ఆలస్యం అంకె చూసినప్పుడు అందిన ప్యాకెట్లు ఎన్నో కూడా చూడండి. అందనివాటికి ఆలస్యం లెక్కే ఉండదు కాబట్టి, కష్టమైన ప్యాకెట్లన్నీ పారేసే ప్రొటోకాల్ చాలా వేగంగా కనిపిస్తుంది.

చివరి పరీక్ష భద్రత పొర వైపు నుంచి. సందేశం మీద సంతకం ఎవరు పంపారో తేలుస్తుంది గానీ, చెప్పిన స్థానం నిజమని తేల్చదు. గమ్యానికి దగ్గరగా ఉన్నానని అబద్ధమాడే ఒక్క బండిని సిమ్యులేషన్‌లో పెట్టి, ఎన్ని ప్యాకెట్లు దాని కడుపులోకి పోతాయో చూడండి. పంపినవాడే ఎంచుకునే పద్ధతిలో ఈ అంకె భయపెట్టేలా ఉంటుంది. అలాగే ఎవరూ వెంటాడకుండా బండ్లు అప్పుడప్పుడు తమ మారుపేరును, దాంతో పాటు నెట్‌వర్క్ చిరునామానూ మార్చుకుంటాయి. మార్చిన క్షణంలో పొరుగువాళ్ల పట్టికల్లో పాత పేరు దయ్యంలా మిగిలిపోతుంది, దాని మీదుగా కట్టిన గొలుసు తెగుతుంది, దాని పేరు మీద వస్తున్న ప్యాకెట్లకు దిక్కుండదు. అదే పరీక్షను మారుపేరు మార్పుతో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి రెండు అంకెల్నీ పక్కపక్కన రాసుకోండి.